ఇంబ్రో నోరు మూసుకున్న రోజు

ఆ మంగళవారం ఉదయం ఇంబ్రో వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి. అటక మీదున్న పద్దెనిమిది బూట్ల అట్టపెట్టెలను కిందికి దించాలి. ఆ తర్వాత సాయంత్రం నాలుగింటి పడవ వెళ్లేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి. మొదటి రెండు పనులూ ఏడున్నరకల్లా అయిపోయాయి. మూడోది మాత్రం డెబ్భై నాలుగేళ్ల వయసులో అతనికి కొత్త.

నోరు మూసుకోమన్నది ఊరే. మా దీవి మీద మా ఊరు రెండు ముక్కలు: కొండ మీద పై వాడ, రేవు పక్కన కింది వాడ, నడుమ మూడు వందల పన్నెండు మెట్లు. రెండూ కలిపి నలభై ఒక్కరం. మా క్రొయేషియాలో మనిషి 'ఏమిటి' అని ఎలా అడుగుతాడో వింటే చాలు, వాడి పుట్టుపూర్వోత్తరాలు తెలిసిపోతాయి. ఉత్తరాన కొండల వాళ్లు 'కాయ్' అంటారు. దీవుల వాళ్లం మేం 'చా' అంటాం. తక్కినవాళ్లు, వాళ్లతోపాటు బడీ రేడియో, 'ష్టో' అంటారు. ఇది చాలదన్నట్టు, పై వాడ మాట వింటే కింది వాడకు నవ్వు, కింది వాడ మాట వింటే పై వాడకు చిరాకు. రెండు వాడలూ కలిసి నవ్వేది ఒక్క ఇంబ్రో మాటకే.

అతను కాయ్ కొండల్లో పుట్టినవాడు. ఓడలకు తుఫాను కబుర్లు చెప్పే రేడియో కేంద్రంలో ఉద్యోగానికి వచ్చి, లుక్రియాను పెళ్లాడి, ఆమె పుట్టింట్లోనే ఉండిపోయాడు. ఇల్లరికపుటల్లుడన్న మాట. నలభై తొమ్మిదేళ్లు గడిచి తల ముగ్గుబుట్టయినా ఊరంతటికీ అతను అల్లుడే. మా మాట నేర్చుకున్నాడు, కాదనను. కానీ అది సగం కొండ, సగం సముద్రం. అతను నోరు తెరిస్తే ఎంత తొందర పని మీద వెళ్లేవాళ్లయినా ఆగి, దిద్ది, అప్పుడు కదిలేవారు.

లుక్రియా పోయి తొమ్మిదేళ్లయింది. ఆమె పోయిన వారానికే ఇంబ్రో ఆమె మాటలు రాయడం మొదలుపెట్టాడు. ఆమె గాలులను పిలిచిన పేర్లు, చేపలను పిలిచిన పేర్లు, అతన్ని తిట్టిన తిట్లు. పాత పడవల వేళల కాగితాలు చింపి, వెనక వైపు ఒక్కో ముక్క మీద ఒక్కో మాట. అలా పద్దెనిమిది పెట్టెలు నిండాయి. కాపాడుకోవలసిన ఊరి మాటలకు రాజధాని జాగ్రెబ్‌లో ఒక జాబితా ఉంది. మా మాట అందులోకి ఎక్కితే ఆ పెట్టెలను అక్కడ భద్రంగా దాచిపెడతారు. ఎక్కకపోతే ఇంబ్రో తర్వాత అవి ఎలుకల పాలు. అదే జరిగితే లుక్రియా రెండోసారి పోయినట్టేనని అతని భయం. మాట విని తేల్చడానికి జాగ్రెబ్ నుంచి ఒక డాక్టరమ్మ వస్తోంది. చదువుల డాక్టరు. వచ్చేది ఒక్కసారే.

"అల్లుడూ, నువ్వు మాత్రం మాటాడకు," అని దింకా ముందు రోజే చెప్పేసింది. ఎనభయ్యొక్కేళ్ల దింకా లుక్రియాకు పెదనాన్న కూతురు. ఊళ్లో ఉన్న ఒక్క దుకాణమూ ఆవిడదే. "ఆ డాక్టరమ్మ నీ మాట యిని, ఇదే మా మాట అనుకుంటాది. కొంప మునిగిపోతాది."

"అవును బావా," అన్నాడు కింది వాడ జాలరి ప్రోష్పెర్. "నువ్వు మాటాడితే వల్లో సేపలు కూడా నవ్వుతాయి. నాలుగ్గంటల దాకా ఓపిక పట్టు. మేం లేమేటి?"

"గట్లనే కానీ. నేనేటీ మాట్లాడను," అన్నాడు ఇంబ్రో.

"'గట్ల' కాదు, 'అలగ'," అని ఇద్దరూ ఒక్కసారే దిద్దారు.

డాక్టరమ్మ ముందు ఎలా మాట్లాడాలో నేర్పే పని ఫిలొమేనా టీచరుకు అప్పగించారు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. ఎనభై ఏడేళ్ల ఫిలొమేనా మా బడిలో ముప్ఫై ఎనిమిదేళ్లు పాఠం చెప్పింది. ఊరి మాట బడి గుమ్మం దాటి లోపలికొస్తే వేళ్ల మీద స్కేలుతో కొట్టింది. ఇప్పుడు ఆవిడే వారం రోజులపాటు, "సహజంగా మాట్లాడండి, మీ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి," అని ఆజ్ఞాపించింది. ఆవిడ ఎదుట నిలబడగానే డెబ్భై ఏళ్ల ప్రోష్పెర్ వేళ్లు చంకల్లో దాచుకునేవాడు. ఎవరికీ నోరు పెగల్లేదు. అసలు రోజున అదే వస్తుందిలే అనుకున్నారు.

పది గంటల పడవ దిగిన డాక్టర్ హెర్మినా యాభై ఏళ్ల మనిషి. చేతిలో రికార్డరు, నెత్తిన టోపీ, ముఖాన మంచి నవ్వు. రేవులో ప్రోష్పెర్‌ను చూసి, "ఏం పెద్దాయనా, సముద్రం ఎలా ఉంది ఇవాళ?" అని అడిగి రికార్డరు నొక్కింది.

సముద్రాన్ని ప్రోష్పెర్ రోజూ పిలిచే పేర్లు ఇక్కడ రాయదగ్గవి కావు. కానీ మా వాళ్లకొక మర్యాద ఉంది. బయటి నుంచి ఎవరైనా గౌరవనీయులు వస్తే, ఊరి మాటను పెరట్లో కట్టేసి, పెళ్లినాటి కోటు తీసినట్టు పుస్తకాల భాష బయటికి తీస్తారు. పోస్టుమాన్‌కు కొంచెం, వైద్యుడికి ఇంకొంచెం, బిషప్పుకు పూర్తిగా. ఇది ఎవరూ అనుకుని చేసేది కాదు, తుమ్ములాగా దానంతటదే వస్తుంది. అందుకే దాని గురించి ముందుగా ఎవరికీ తట్టలేదు.

ప్రోష్పెర్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "సముద్రము నేడు మిక్కిలి ప్రశాంతముగా నున్నది. తమరి ప్రయాణము సుఖముగా సాగినదని తలంచుచున్నాను," అన్నాడు.

వెనకాల నిలబడ్డ ఇంబ్రో అదిరిపడ్డాడు. నలభై తొమ్మిదేళ్లలో ప్రోష్పెర్ నోట 'మిక్కిలి' అన్న మాట వినలేదు. కనుబొమ్మలు ఎగరేశాడు, మోచేత్తో పొడిచాడు. ప్రోష్పెర్‌కు అది ప్రోత్సాహంలా తోచింది. దారి పొడుగునా, ప్రతి పది మెట్లకూ ఒక సమాసం వదిలాడు.

పై వాడలో దింకా ముంగిట్లో బల్ల వేసి ఉంది. ఉప్పు చేపలు, ఆకుకూరతో ఉడికిన బంగాళాదుంపలు, ఎండు అంజీర్లు, పొయ్యి మీద చేపల పులుసు. దింకా మామూలుగా ఎవరికైనా అన్నం పెట్టేటప్పుడు, "తినండర్రా, సచ్చిపోయేలాగున్నారు," అంటుంది. ఆవేళ చేతులు కట్టుకుని, "అతిథి దేవీ, ఈ రొట్టెను స్వీకరింపుడు. లవణము తగినంత యున్నదని విన్నవించుచున్నాను," అంది.

హెర్మినా నవ్వు కాస్త తగ్గింది. "వల ఎలా అల్లుతారో మీ మాటల్లో చెప్తారా?" అంది ప్రోష్పెర్‌తో.

"వల యనునది దారముచే నిర్మింపబడును. దానిచే మత్స్యములు పట్టుబడును," అని చెప్పి ప్రోష్పెర్ కూర్చున్నాడు.

"అలా కాదు! సహజంగా, సహజంగా!" అని ఫిలొమేనా టీచరు చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడుకు ముంగిట్లో ఉన్న పధ్నాలుగు మందీ లేచి వరసలో నిలబడ్డారు.

హెర్మినాకు ఏం పాలుపోలేదు. బల్ల మూలన కూర్చున్న ఇంబ్రో వైపు తిరిగింది. "మీరేమీ మాట్లాడటం లేదేమండీ?"

ఇంబ్రో నోరు తెరవబోయాడు. దింకా బల్ల కింద అతని కాలు తొక్కింది. అప్పుడు ప్రోష్పెర్, సాయం చేద్దామనే మంచి బుద్ధితోనే, "వీరు జన్మతః మూగవారు," అనేశాడు.

ఇంబ్రో ముప్ఫై ఏళ్లు రేడియోలో అరిచి అరిచి, ఇటలీ వెళ్లే ఓడలక్కూడా తన గొంతు వినిపించినవాడు. ఇప్పుడు అలాగే తల వంచుకున్నాడు. మాటిచ్చాడు కదా. హెర్మినా జాలిగా దగ్గరికొచ్చి, మూగవాళ్లకు చెవుడు కూడా ఉంటుందనుకుందేమో, అతని చెవిలో గట్టిగా, ఒక్కో మాటే విడదీసి, "మీరు. చాలా. మంచివారు," అంది. చేతికి ఒక పెన్ను కూడా ఇచ్చింది. దింకా ముఖం పక్కకు తిప్పుకుంది.

అప్పటికి రెండున్నర. చివరి ఆశగా ఇంబ్రో అటక మీంచి దించిన పెట్టెలు బల్ల మీదికొచ్చాయి. హెర్మినా మూత తీసింది, ఒక కాగితం చదివింది, ఇంకొకటి చదివింది, కుర్చీ దగ్గరికి లాక్కుంది. గంటసేపు తల ఎత్తలేదు. పది గంటల నుంచి మొదటిసారి ఆమె ముఖం వెలిగింది. ఇంబ్రో గుండె కూడా తేలికపడింది.

"ఇవి అద్భుతంగా ఉన్నాయి. ఎవరు రాశారు?"

అందరూ మూగాయన్ని చూపించారు.

"సరే," అని హెర్మినా ఒక కాగితం తీసింది. గిన్నె అడుగున మాడి అంటుకున్న పొరకు మా ఊరి పేరు అందులో ఉంది. ప్రోష్పెర్‌కు పులుసులో అన్నిటికన్నా ఇష్టమైంది అదే, రోజూ పేరు పెట్టి అడిగి మరీ గీకించుకుంటాడు. "ఈ మాట మీరు వాడతారా?"

జాగ్రెబ్ డాక్టరు ముందు, టీచరు చూస్తుండగా, మాడు గిన్నె సంగతి. ప్రోష్పెర్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇట్టి మోటు పదమును మా గ్రామమున ఎవ్వరును వాడరు," అన్నాడు.

"నేనెన్నడును వినియుండలేదు," అంది దింకా, ఆ గిన్నె పక్కనే నిలబడి.

ఫిలొమేనా టీచరు తనకు తెలియకుండానే మెచ్చుకోలుగా తల ఊపింది.

హెర్మినా కాగితాన్ని తిరిగి పెట్టెలో పెట్టింది. మంచి మనిషి కాబట్టి గొంతు పెంచలేదు. "ఊళ్లో ఎవరూ మాట్లాడని మాటలు, ఎవరూ వినని మాటలు, ఒక మూగాయన పద్దెనిమిది పెట్టెల నిండా రాశారు. ఆయన ఎక్కడ విన్నట్టు? నన్ను క్షమించండి. నేను రాయగలిగింది ఒక్కటే. ఈ ఊళ్లో ఊరి మాట లేదు. ఈ పెట్టెల్లో ఉన్నది ఎక్కడిదో తెలియదు." ఆమె రికార్డరు ఆపి సంచిలో పెట్టుకుంది. నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"గామె దగ్గర ఇన్నాను!"

ముంగిలి మొత్తం ఉలిక్కిపడింది. ఇంబ్రో లేచి నిలబడ్డాడు. "లుక్రియా దగ్గర ఇన్నాను! నా పెళ్లాం దగ్గర! గీళ్లందరు ఆమెతో గా మాటలే మాట్లాడినోళ్లు. ఇప్పుడు నేదంటున్నరు!"

"ఓలమ్మో, మూగోడికి మాటొచ్చేసినాది!" అని ప్రోష్పెర్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. అతన్ని మూగవాణ్ణి చేసింది తనేనన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తు లేదు.

ఇంబ్రో ఆగే స్థితిలో లేడు. "ఇను డాక్టరమ్మా, నేను సెప్తున్న. నేను గీ దీవికి వచ్చిన మొదటి దినం. దాహమైంది. గిదే ఇంట్ల, గిదే వాననీళ్ల బావి కాడ నీళ్లు తోడబోయిన. బకీటు చెయ్యి జారి బావిల పడ్డది..."

"'బకీటు' ఏటి, నా మొహం!" దింకా గరిటె బల్ల మీద కొట్టింది. "'చేద' అనాల! నలభై తొమ్మిదేళ్లు సెప్పినా నీ బుర్రకెక్కదేటి?"

"చేదేటి చేద?" ప్రోష్పెర్ అప్పుడే గుండెల మీంచి చెయ్యి తీశాడు. "ఆ మాట మేకల్ని కాసుకునీ మీ పై వాడోళ్లకి. మనుషులైనోళ్లు 'బొక్కెన' అంటారు."

"మనుషులా? సేపల కంపుకి మీ ఇళ్లలోకి పిల్లులు కూడా ముక్కు మూసుకుని వస్తాయి, మీరేటి మనుషులు? ఆ చేద మా అయ్యది. దాని పేరు నాకు తెల్దా?"

"మీ అయ్యకి దాన్ని అమ్మినోడు మా తాత! పేరెట్టింది మేం!"

"గదే నేను సెప్పేది," అన్నాడు ఇంబ్రో, "గప్పుడు లుక్రియా లోపటికెళ్లి బయటికొచ్చి..."

"'లోపట్నుంచి', అల్లుడూ, 'లోపట్నుంచి'!"

"'లోన్నుంచి' రా, సన్నాసుల్లారా!"

వరసలో నిలబడ్డ పధ్నాలుగు మందిలో ఏడుగురు పై వాడ పక్కకు, ఏడుగురు కింది వాడ పక్కకు చేరిపోయారు. బావి గట్టు పేరు దగ్గర ఒక జగడం, తాడు పేరు దగ్గర ఇంకొకటి, ఆ రోజు వీచిన గాలి పేరు దగ్గర మూడోది. గిన్నె అడుగు మాడు మాట అరగంటలో పదకొండు సార్లు వచ్చింది. ఒకసారి ప్రోష్పెరే దింకాను ఆ పేరుతో తిట్టాడు. నాలుగింటికి రేవులో పడవ కూత వేసింది, మళ్లీ వేసింది, వెళ్లిపోయింది. హెర్మినాకు వినబడలేదు. ఆమె ఎప్పుడో రికార్డరు బయటికి తీసి, రొట్టె బుట్టకు ఆనించి పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"ఇద్దరికీ తెల్దు, నోర్ముయ్యండి!" అని కేక వినబడింది.

ఆ కేక ఫిలొమేనా టీచరుది. "దాన్ని చేదా అనరు, బొక్కెనా అనరు. మా యమ్మ దాన్ని..." అని ఆగిపోయింది. ఆ మాట నోటిదాకా వచ్చి, పెదవుల మీద నిలిచి, చివరికి మెల్లగా బయటికొచ్చింది. పాత మాట. ముంగిట్లో ఉన్న పెద్దవాళ్లకు చిన్నప్పుడెప్పుడో విన్నట్టు మాత్రమే గుర్తు. పద్దెనిమిది పెట్టెల్లో ఎక్కడా లేదు. "డెబ్బై ఏళ్లయినాది నేను ఆ మాట అని," అంది టీచరు. "నా నోట్లోంచి తీసి పారేసినాను. మీ నోళ్లలోంచి కూడా." ఆవిడ కళ్లు నిండిపోయాయి.

ప్రోష్పెర్ తియ్యటి ద్రాక్షసారా ఒక గ్లాసులో పోసి ఆవిడ చేతిలో పెట్టాడు. తర్వాత తన పది వేళ్లూ ఆవిడ కళ్ల ముందు ఆడించాడు. "సూడండి టీచరమ్మా, అన్నీ బాగానే ఉన్నాయి. ఏడవకండి. ఆ మాట ఇంకోపాలి అనండి."

ఆవిడ అంది. ఇంబ్రో హెర్మినా ఇచ్చిన పెన్నుతోనే దాన్ని రాసుకున్నాడు.

చల్లారిపోయిన పులుసునే అందరూ తిన్నారు. హెర్మినా మరుసటి రోజు పడవకే వెళ్తానంది. తినడం అయ్యాక ఇంబ్రో మళ్లీ లేచాడు. "ఒక్క మాట సెప్తాను. లుక్రియా పోయిన మర్నాడు నేను రొట్టె కోసం దింకా దుకాణానికి పోయిన. ఏదో అడిగిన. దింకా దిద్దింది. ఇంటికొచ్చి ఏడ్చిన. బాధతో కాదు. మొదటి దినం గా బావి కాడ లుక్రియా నన్ను తిట్టలేదు, నా మాట దిద్దింది. ఇంట్ల ఇంక నన్ను దిద్దేటోళ్లు లేరు అనుకున్న. మీరున్నరు. తొమ్మిదేండ్ల సంది రోజుకొక్క మాట దిద్ది, ఆమెను నాకు తిరిగి ఇచ్చినరు. ఆ పెట్టెల్ల సగం మీరు దిద్దినవే. మీకు నేను ఎట్ల దండం పెట్టుకోవాలె?"

దింకా ఏప్రాన్‌తో ముఖం తుడుచుకుంది. "'ఎట్ల' కాదు, 'ఎలగ'," అంది.

మార్చిలో జాగ్రెబ్ నుంచి ఉత్తరం వచ్చింది. దింకా దుకాణం ముందు నిలబడి ఫిలొమేనా టీచరు చదివింది. మా ఊరి మాట జాబితాలోకి ఎక్కింది, పై వాడ తీరూ కింది వాడ తీరూ రెండూ విడివిడిగా. పద్దెనిమిది పెట్టెలను లుక్రియా పేరుతోనే భద్రపరుస్తారు. ఇంబ్రో టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు. ప్రోష్పెర్ అతన్ని కావలించుకుని వీపు మీద నాలుగు దెబ్బలు వేశాడు. ఉత్తరంలో ఇంకొక పేరా మిగిలి ఉంది. ఈ ఊళ్లో కొండ మాటా సముద్రపు మాటా కలిసిన మూడో తీరు ఒకటుంది, అది మాట్లాడే మనిషి ఒక్కరే, అన్నిటికన్నా ముందు అంతరించిపోయే ప్రమాదం దానికే. కనుక దయచేసి దాన్ని ఎవరూ దిద్దవద్దు.

మర్నాడు పొద్దున్న ఇంబ్రో దుకాణానికి వెళ్లాడు. "రెండు రొట్టెలియ్యి, గా బకీటు కూడా ఒకటి సూపెట్టు," అన్నాడు.

దింకా చేతులు కట్టుకుంది. "శుభోదయము, ఇంబ్రో గారూ. తమరు కోరిన వస్తువును ఇప్పుడే తెచ్చెదను."

ఇంబ్రో వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూశాడు. ఎవరూ లేరు. కింది వాడకు వెళ్తే ప్రోష్పెర్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. మూడు వారాలు ఇదే వరస. ఇంబ్రో కావాలని తప్పులు మాట్లాడాడు, తప్పులో తప్పు కలిపి మాట్లాడాడు, ఒకరోజు మొత్తం కొండ మాటే మాట్లాడాడు. ప్రోష్పెర్ గొంతులో ఏదో కదిలేది, దాన్ని మింగి, "తమరి అభిప్రాయము సమంజసము," అనేవాడు. ఇంట్లో అంత నిశ్శబ్దం ఇంబ్రోకు లుక్రియా పోయిన రోజున కూడా లేదు.

చివరికి జాగ్రెబ్‌కు ఒక ఉత్తరం రాశాడు. తన మాటను జాబితాలోంచి కొట్టేయండి, ఊళ్లో తనతో మాట్లాడే దిక్కు లేకుండా పోయింది అని. పోస్టులో వేసే ముందు దింకాకు చూపించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. మొదటి వాక్యం చదివింది. పెదవులు బిగించింది. మళ్లీ చదివింది. కౌంటరు మీద వేళ్లు టకటకలాడాయి.

"పెన్సిలిలా తే, అల్లుడూ," అంది. "జాగ్రెబోళ్లు సూస్తే ఊరి పరువు పోతాది." తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి మూడు వందల పన్నెండు మెట్ల కిందికి వినబడేలా అరిచింది. "ప్రోష్పెరూ! ఇలగ రా! ఈడేటి రాసినాడో సూడు!"

ఇంబ్రో బస్తా మీద కూర్చుని, ఒడిలో చేతులు పెట్టుకుని, హాయిగా కళ్లు మూసుకున్నాడు.

ఆ ఉత్తరం ఇంకా దీవి దాటలేదు. మొదటి వాక్యం దగ్గర పై వాడకూ కింది వాడకూ ఇంకా రాజీ కుదరలేదు.